దీవి టీవీ, మా ఊరి కేబులు

1991 ఫిబ్రవరి 24న హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ప్రభుత్వం ఒక టీవీ స్టేషను ట్రాన్స్‌మిటర్లను స్వాధీనం చేసుకుంది. ఆ స్టేషనుకి లైసెన్సు లేదు. 1986లో మొదలైననాటి నుంచీ లేదు. లేకుండానే ఐదేళ్ళు నడిచింది, జనం ఐదేళ్ళూ చూశారు. ఆ రెండు మూడు రోజుల్లో రాజధాని సెయింట్ డెనిస్‌లోని షోద్రోన్ అనే పేదల కాలనీ భగ్గుమంది. దుకాణాలు లూటీ అయ్యాయి, తగలబడ్డాయి. ఎనిమిదిమంది చనిపోయారు. మండుతున్న దుకాణంలో చిక్కుకుపోయినవాళ్ళే అందులో ఎక్కువ. ఆ స్టేషను పేరు టెలీ ఫ్రీ డోమ్.

మామూలుగా టీవీ గురించి మన సాహిత్యకారులు మాట్లాడేదంతా ఒక ధోరణిలో ఉంటుంది. టీవీ వచ్చి పుస్తకం పోయింది, సీరియళ్ళు ఆడవాళ్ళని పాడుచేశాయి, వగైరా. (ఆడవాళ్ళని పాడుచేసేవాటి జాబితా ప్రతి తరంలోనూ ఒకటి తయారవుతూనే ఉంటుంది. ఒకప్పుడు నవలలు ఉండేవి అందులో.) అలాంటిది ఒక టీవీ పోయిందని ఊరు ఊరంతా రోడ్డెక్కడం అనే విషయం నా పరిశోధన మధ్యలో ఎదురైనప్పుడు నేను దాన్ని వదల్లేకపోయాను. నా పిహెచ్.డి. వలస కూలీల సాహిత్యం మీద. టీవీ అందులో లేదు. అయినా సర్టిఫికెట్ కోర్సులో నేర్చుకున్న ఫ్రెంచి, ఒక నిఘంటువు సాయంతో దాని వెనకే వెళ్ళాను.

రీయూనియన్‌కీ మా కొవ్వూరుకీ ఏమిటి సంబంధం అంటే, గోదావరి. మా ఊరు దాటాక ధవళేశ్వరం దగ్గర నది చీలుతుంది. ఒక పాయ యానాం మీదుగా సముద్రంలో కలుస్తుంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. రీయూనియన్ కూడా వాళ్ళదే, అప్పట్లో బూర్బన్ అనేవాళ్ళు. చెరకు తోటల్లో పనికి 1828లో అక్కడికి చేరిన తొలి ఒప్పంద కూలీలు యానాం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు. 1848లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక ఈ వలస వేలల్లోకి పెరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం 1882లో ఆపేదాకా సాగింది. తమిళ దేశం నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ, మనవాళ్ళు తక్కువ. కానీ అక్కడ దిగాక అందరికీ ఒకటే పేరు, మలబార్. బయల్దేరిన రేవు పేరు కూడా మిగల్లేదు.

పక్కనే ఉన్న మారిషస్‌లో అలా జరగలేదు. 1843లో 'కోరింగ పాకెట్' అనే ఓడలో వెళ్ళిన మనవాళ్ళకి కోరంగి రేవు పేరే కులనామంలా అంటుకుంది, కోరంగీలన్నారు. 1947లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. బడిలో తెలుగు ఉంది, ప్రభుత్వ టీవీలో తెలుగు కార్యక్రమాలు ఉన్నాయి. తెలుగువాళ్ళ సభల్లో మారిషస్ పేరు చెప్పి గర్వపడతాం. రీయూనియన్ పేరు ఎత్తం. అక్కడ తెలుగు పోయింది కదా. ఆ పోయిన చోట ఏమొచ్చింది? క్రియోల్ వచ్చింది. ఆఫ్రికా బానిసలు, మన కూలీలు, ఫ్రెంచి దొరలు, చైనా వర్తకులు కలిసి నూట యాభై ఏళ్ళు వంట చేసుకున్న భాష అది. బడిలో, కచేరీలో, ప్రభుత్వ టీవీలో మాత్రం ఫ్రెంచి. అంటే నోట్లో ఉన్న మాట గోడమీద ఉండదు. కొవ్వూరు ఆడవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. రేడియోలో వార్తలు విని, "ఆయ్, ఆవిడెవరో భలే చదువుతుందండి, మనకేం అర్థమవ్వదు గానీ" అనే మా నాయనమ్మ తరం నాకు బాగా గుర్తుంది.

ఆ దీవికి ప్రభుత్వ టీవీ 1964లో వచ్చింది. 1946 నుంచి రీయూనియన్ వలస కాదు, ఫ్రాన్సులో ఒక జిల్లా. సముద్రానికి అవతలి జిల్లా అన్న మాటకి ఫ్రెంచిలో పొట్టి అక్షరాలు 'డోమ్'. కాగితం మీద పారిస్‌లో ఉన్న పౌరురాలికీ సెయింట్ డెనిస్‌లో ఉన్న పౌరురాలికీ తేడా లేదు. వాస్తవంలో కనీస వేతనం తక్కువ, పిల్లల భత్యం తక్కువ. వేతనం సమానం కావడానికి 1996 దాకా పట్టింది. 1963 నుంచి పాతికేళ్ళు ఆ దీవికి పార్లమెంటు సభ్యుడిగా ఉన్న మిషెల్ దెబ్రే, అంతకుముందు ఫ్రాన్సు ప్రధానమంత్రి, దీవి కష్టాలన్నిటికీ కారణం జనాభా అని నమ్మాడు. ఆ నమ్మకం ఎక్కడికి పోయిందో చూడండి. 1960ల నుంచి 1980ల మొదటిదాకా రెండువేలమందికి పైగా పిల్లల్ని తల్లుల దగ్గర్నించి తీసుకుని ఫ్రాన్సులో జనం పలచబడ్డ పల్లెలకి పంపేశారు. 1970లో ఇంకో దారుణం బయటపడింది. సెయింట్ బెన్వా అనే ఊళ్ళో ఒక క్లినిక్కులో పేద స్త్రీలకు, నల్లవాళ్ళూ మలబార్లూ ఎక్కువ, చెప్పకుండా గర్భస్రావాలు చేశారు, కొందరికి మళ్ళీ పిల్లలు పుట్టకుండా చేశారు. వేరే జబ్బు పేరు రాసి ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకున్నారు. అప్పటికి ఫ్రాన్సులో గర్భస్రావం నేరం! తన పొట్ట తనిష్టం అన్న తెల్ల స్త్రీకి జైలు, తన పొట్ట తనకి కావాలన్న నల్ల స్త్రీకి ఆపరేషను. ఆ దీవిలోనే పెరిగిన ఫ్రాన్స్వాజ్ వెర్జెస్ 2017లో 'స్త్రీల గర్భం' అనే అర్థమొచ్చే పేరుతో ఈ విషయం మీద పుస్తకం రాసింది. అది చదువుతుంటే మన పల్లెల్లో 'ఆపరేషను' అనే మాట ఒంటరిగా వస్తే దానికి ఒకటే అర్థం ఉంటుందన్న సంగతి నాకు పదేపదే గుర్తొచ్చింది. కన్ను ఆపరేషనుకి కన్ను అని చెప్పాలి. దీనికి చెప్పక్కర్లేదు.

ఇంత జరిగిన చోట మాట్లాడే యంత్రం ఒక్కటే, అది ప్రభుత్వం చేతిలో. 1981లో ఫ్రాన్సులో మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాక ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం సడలడం మొదలైంది. ఆ ఏడాదే కమీల్ సూద్ర్ అనే డాక్టరు దీవిలో ఒక రేడియో పెట్టాడు. (మన చెవికి శూద్ర అని వినిపించే ఈ ఇంటిపేరు ఆయనది, మనిషి మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చిన తెల్లవాడు.) పేరు రేడియో ఫ్రీ డోమ్. ఇంగ్లీషులో స్వేచ్ఛ, ఫ్రెంచిలో 'డోమ్'కి స్వేచ్ఛ. ఆ రేడియో గొప్పదనమంతా ఒక్క టెలిఫోను. ఎవరైనా ఫోను చెయ్యొచ్చు, ఏ భాషలోనైనా మాట్లాడొచ్చు, అది అలాగే గాలిలోకి వెళ్ళిపోతుంది. రోడ్డు మీద ప్రమాదం, పోయిన కుక్క, రాని నీళ్ళు, కొట్టే మొగుడు, తుఫానులో ఎగిరిపోయిన రేకులు. విలేఖరులు వెళ్ళేలోపు పక్కింటావిడ చెప్పేసేది. 1986లో అదే మనుషులు టీవీ మొదలుపెట్టారు.

టెలీ ఫ్రీ డోమ్ ఏం చూపించేది? హక్కులు కొనని సినిమాలు చూపించేది. హింస, శృంగారం శ్రుతిమించిన సినిమాలు వేస్తుందన్న ఆరోపణ దానిమీద ఎప్పుడూ ఉండేది. స్థానిక రాజకీయాల మీద చర్చలు పెట్టేది, క్రియోల్‌లో. ప్రభుత్వ టీవీలో ఎప్పుడూ కనపడని ముఖాలు అందులో కనపడేవి. ఫ్రాన్సులో 1989లో ఏర్పడ్డ ప్రసారాల నియంత్రణ మండలి ప్రైవేటు టీవీలకి అనుమతులిచ్చే సమయం వచ్చినప్పుడు వేరేవాళ్ళకి ఇచ్చింది, దీనికి ఇవ్వలేదు. ఇది పట్టుబడిన నెలలోపే, 1991 మార్చిలో, అనుమతి ఉన్న కొత్త చానలు మొదలైంది. కాపీ సినిమాలు వేయడం తప్పు కాదా? తప్పే. కానీ ఎనిమిదిమంది ప్రాణాలు సినిమాల కోసం పోలేదు. అప్పటికి దీవిలో పనికోసం చూసే ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువమందికి పని లేదు. షోద్రోన్ కాలనీలో ఇంకా ఎక్కువ. పని లేనివాడి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కిటికీ మూసేస్తే ఏమవుతుందో పారిస్‌కి తెలియలేదు.

ఈ సినిమాల దగ్గరే నాకు మా ఊరి కేబులు గుర్తొస్తుంది. మన దేశంలో కేబులు అనేది చట్టం కంటే ముందు పుట్టింది. గల్ఫ్ యుద్ధాన్ని టీవీలో చూపించిన 1991 మొదట్లోనే, అంటే షోద్రోన్ తగలబడుతున్న రోజుల్లోనే, మన పట్టణాల్లో డిష్షులు లేవడం మొదలైంది. కేబులు చట్టం వచ్చింది 1995లో. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్ళూ దేశంలోని కేబులాయనలందరూ ఒకరకంగా సూద్ర్‌లే. మా చిన్నప్పుడు మా వీధికి కేబులు ఇచ్చినాయనకి ఒక డాబా మీద గది, డిష్షు, రెండు వి.సి.పి.లు, అరనిండా క్యాసెట్లు. మిద్దె మీంచి మిద్దెకి, కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరిచెట్లకి చుట్టుకుంటూ వైరు. ఈటీవీ, జెమినీ 1995లో వచ్చాయి, అవి అందరికీ వచ్చేవే. మా వీధి ఆడవాళ్ళకి కావలసింది లోకల్ చానలు.

దాని కార్యక్రమాల పట్టిక ఎక్కడా అచ్చు కాలేదు గనక ఇక్కడ రాస్తాను. పొద్దున్న భక్తి పాటలు. పదకొండింటికి ఎవరిదో ఒకరి పెళ్ళి క్యాసెట్టు, లేదా వోణీల ఫంక్షను. మధ్యాహ్నం రెండింటికి ఆడవాళ్ళ సినిమా, అంటే పాతది, ఏడుపుది. రాత్రి తొమ్మిదిన్నరకి మగవాళ్ళ సినిమా, అంటే కొత్తది. తెర కింద పాకుతూ పోయే అక్షరాల్లో చీరల షాపు తగ్గింపు, ట్యూషన్లు, తప్పిపోయిన గేదె, ఫలానావారి పెద్దకర్మ. ఉగాదికి సంస్కృత పాఠశాల పండితులెవరో పంచాంగ శ్రవణం. వరదల్లో మాత్రం అన్నీ ఆపేసి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా పిల్లలకి ఎక్కాలకంటే ముందు వచ్చేవి. 2006 ఆగస్టు వరదలో పెద్ద చానళ్ళు 'ఉభయ గోదావరి జిల్లాల్లో' అంటుంటే, ఏ లంకకి పడవ వెళ్ళింది, ఏ రేవులో గట్టు జారింది అని చెప్పింది లోకల్ చానలే. అదీ మా మాటలో. "లంకలో ఉన్నోళ్ళు ఇంక గొడ్లు చూసుకోకుండా వచ్చెయ్యండి బాబూ" అని. ఆ కుర్రాడి గొంతు వణికింది. పెద్ద చానళ్ళ గొంతులు వణకవు.

ఇక్కడా ఫోను ఉంది. సాయంత్రం ఆరింటికి కోరిన పాటలు. మా అమ్మ పక్కింటివాళ్ళ ఫోను నుంచి చేసేది. "ఎవరండీ మాట్లాడేది?" అంటే ఏ ఒక్కావిడా తన పేరు చెప్పేది కాదు. బుజ్జి వాళ్ళమ్మనండీ, మాస్టారి కోడలినండీ, గోష్పాదం వీధి నుంచండీ. నేను ఒకసారి నోట్సు పుస్తకంలో గీతలు పెట్టి లెక్క రాశాను కూడా, పదో ఏటో పదకొండో ఏటో. మగపిల్లలందరూ పేర్లు చెప్పారు. ఆడవాళ్ళలో పేరు చెప్పింది ఒక్కతే, ఆవిడ ఎయన్నెమ్ నర్సు. కానీ పేరు లేని ఆ గొంతుని వీధిలో అందరూ గుర్తుపట్టేవాళ్ళు. "నిన్న మీ పాట విన్నాం అక్కయ్యగారూ" అనేవాళ్ళు మర్నాడు. మీ పాట! పాడింది సుశీల, అడిగింది మా అమ్మ, అది అమ్మ పాటైంది. వినడం కూడా ఒక ఉచ్చారణే అని తర్వాత సిద్ధాంత గ్రంథాల్లో చదివినప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు.

అంతా ఇంత ముచ్చటగా ఉందని చెప్పను. 2003 జూలై ఆఖర్లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. లోకల్ చానలు గోష్పాద క్షేత్రం దగ్గర ఒక కెమెరా నిలబెట్టి పొద్దుగూకులూ ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఆ కెమెరా ఎటు చూసింది? పిండాలు పెట్టేవాళ్ళని కాసేపు, పంతుళ్ళని కాసేపు, తక్కినదంతా తడిబట్టల్లో గట్టెక్కే ఆడవాళ్ళని. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ, టీ కొట్టులోనూ, సెలూన్లోనూ అదే నడుస్తోంది. మా పిన్ని నీళ్ళలోంచి లేచి వస్తూ తెరమీద కనపడిందని మా ఇంట్లో ఎవరో నవ్వారు. పిన్ని పన్నెండు రోజుల పుష్కరానికి మళ్ళీ రేవుకి వెళ్ళలేదు. ప్రభుత్వం నుంచి విముక్తమైన కెమెరా అది. ఎవరి అనుమతీ అక్కర్లేదు దానికి. మా పిన్ని అనుమతి కూడా.

అందుకే 'స్వతంత్ర ప్రసారం' అన్న మాట వినగానే పొంగిపోయే మన ప్రజాస్వామికవాదులతో నాకు పేచీ ఉంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. క్రికెట్ మ్యాచ్ ప్రసార హక్కుల గొడవలో వచ్చింది ఆ తీర్పు, అది వేరే వినోదం. ఆ మాటని అక్షరాలా నమ్మినవాళ్ళు అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఉన్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు. రేడియో పరికరాలు సిద్ధం చేసుకుని అనుమతి రాక, పదేళ్ళు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో నిబంధనలు మారాయి. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంత్. దానికంటే ముందే వాళ్ళలో కొందరు వీడియో కెమెరా పట్టారు. సినిమా పాఠాల్లో పైనుంచి తీసే షాట్‌కి, కంటి ఎత్తులో తీసే షాట్‌కి ఇంగ్లీషు పేర్లుంటాయి. వీళ్ళు వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎదురుగా కూర్చుని కంటికి కన్ను కలిపి చూసేది సంఘం షాట్. ఇంతకంటే మంచి సినిమా విమర్శ తెలుగులో నేను చదవలేదు. పుష్కర రేవులో మెట్ల పైన నిలబెట్టిన ఆ కెమెరాది ఏ షాటో వేరే చెప్పాలా?

మళ్ళీ దీవికి వస్తాను. అసలు నన్ను పట్టుకుని వదలని భాగం ఇప్పుడొస్తుంది.

టీవీ పోయాక కమీల్ సూద్ర్ రాజకీయాల్లోకి దిగాడు. 1992 మార్చిలో ప్రాంతీయ మండలి ఎన్నికల్లో ఫ్రీ డోమ్ జాబితాకి 45 స్థానాల్లో 17 వచ్చాయి. అందరికంటే ఎక్కువ. కమ్యూనిస్టుల మద్దతుతో అధ్యక్షుడయ్యాడు. ఎన్నికల ప్రచారానికి తన రేడియోను వాడుకున్నాడన్న కారణంతో ఆ ఎన్నిక రద్దయింది. మళ్ళీ పోటీ చేయడానికి వీల్లేకుండా అనర్హుడయ్యాడు. అప్పుడేం చేశారు? 1993లో జాబితా తలమీద ఆయన భార్య పేరు పెట్టారు. మార్జీ సూద్ర్. ఆవిడా డాక్టరే, ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. వియత్నాంలో పుట్టింది. ఆ జూన్‌లో ప్రాంతీయ మండలి అధ్యక్షురాలైంది. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ.

ఈ కథ చదువుతున్న ఏ తెలుగు స్త్రీకైనా పెదవి విరుపు వస్తుంది. మనకి తెలిసిన కథే కదా! 73వ రాజ్యాంగ సవరణ అమలై, మన రాష్ట్రంలో 1995 పంచాయతీ ఎన్నికల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకి వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు అంటారు. 2001లో మా పెద్దమ్మ ఒక ఊరికి ప్రెసిడెంటైంది, స్త్రీలకి కేటాయించిన స్థానం. ఊరు ఊరంతా 'ప్రెసిడెంటు గారు' అని పిలిచింది మా పెదనాన్నని. పెద్దమ్మని 'ప్రెసిడెంటు గారి భార్య' అన్నారు. ఇందులో వ్యంగ్యం ఎవరికీ కనపడలేదు, పెద్దమ్మకి తప్ప. "నేనేనండీ ప్రెసిడెంటుని, ఆయన ప్రెసిడెంటు గారి భర్త" అని ఆవిడ వంటింట్లో చపాతీలు ఒత్తుతూ ఒకసారి అనడం నేను విన్నాను. వంటింట్లోనే అంది.

మార్జీని కూడా అప్పట్లో అలాగే చూశారు, మొగుడి కుర్చీకి కాపలా అని. కానీ ఆ తర్వాత ఏమైందో చూడాలి. ఐదేళ్ళు పూర్తిగా అధ్యక్షురాలిగా ఉంది. 1995 మేలో ఫ్రాన్సు ప్రధాని అలాఁ జుపే తన ప్రభుత్వంలోకి 12 మంది స్త్రీలని తీసుకున్నాడు, పత్రికలవాళ్ళు వాళ్ళకి తన పేరుమీదుగానే ముద్దుపేరు పెట్టారు, 'జుపెత్'లు. గౌరవమా అది? నవంబరులో వాళ్ళలో ఎనిమిదిమందిని ఒకేసారి తీసేశాడు. మిగిలిన నలుగురిలో మార్జీ ఒకతె. ఫ్రెంచి భాష మాట్లాడే దేశాల వ్యవహారాలు చూసే పదవి అది. 1999 నుంచి 2009 దాకా యూరోపు పార్లమెంటు సభ్యురాలు. కాపలా మనిషి ఇంతకాలం కాపలా కాస్తుందా? డమ్మీ అని కొట్టిపారేసే అలవాటు మనకుంది, స్త్రీవాదులకి మరీ ఉంది. దొడ్డిదారిన వచ్చిన స్త్రీ ఆ దారి ఎవరు వేశారో మర్చిపోయి ముందుకు నడవడం కూడా జరుగుతుంది. అయితే ఆవిడ నడిచిన దారిలో షోద్రోన్ కాలనీ ఆడవాళ్ళు ఎంతమంది వెనక నడిచారన్నది వేరే ప్రశ్న. క్రియోల్‌లో మాట్లాడిన స్టేషను పుణ్యమా అని గెలిచిన మనిషికి పారిస్‌లో అప్పజెప్పిన పని ఫ్రెంచి భాషని కాపాడటం! 2021లో అదే కుర్చీలో కూర్చున్న హ్యూగెట్ బెల్లో మాత్రం మహిళా సంఘంలో పనిచేస్తూ ఎదిగిన మనిషి. ఆ రెండు దారులకీ మధ్య ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

మా పెద్దమ్మ దారి గురించి కూడా కొంచెం చెప్పాలి. చదువు ఎనిమిదో తరగతి. సంతకం స్ఫుటంగా పెడుతుంది, అందుకే పెదనాన్నకి అంత సుఖమైంది. 2004 వేసవిలో వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కట్టడం పూర్తయింది. ప్రారంభానికి కొవ్వూరు నుంచి లోకల్ చానలు కుర్రాడు వచ్చాడు, పెళ్ళిళ్ళు తీసే కెమెరాతోనే. పెదనాన్న మాట్లాడారు, కాంట్రాక్టరు మాట్లాడాడు, మండలం నాయకులెవరో మాట్లాడారు. చివర్న కుర్రాడు, మర్యాదకే అనుకుంటాను, "అమ్మగారు కూడా రెండు ముక్కలు చెబితే బావుంటుందండి" అన్నాడు. పెద్దమ్మ కొంగు సర్దుకుని మైకు తీసుకుంది. "ట్యాంకు కట్టారండి. సంతోషం. పేటకి మాత్రం పైపు వెయ్యలేదండి. కాగితాల మీద వేసినట్టు ఉంది, నేనే సంతకం పెట్టాను. పేట ఆడోళ్ళు చెరువు నుంచి మోసుకుంటున్నారండి. ఆ పైపు కూడా వెయ్యమని అడుగుతున్నానండి." అంతే. మైకు ఇచ్చేసింది.

చిన్న చానలుకి కోతలు వేసే తీరిక ఉండదు, దాచిపెట్టే తెలివి కూడా ఉండదు. తీసింది తీసినట్టు ఆ సాయంత్రం వేశారు. వేరే సరుకు లేదు గనక మర్నాడు రెండుసార్లు మళ్ళీ వేశారు. మేం కొవ్వూరులో ముగ్గురం ఆడవాళ్ళం టీవీ ముందు నిలబడి చూశాం, ఎవరం కూర్చోలేదు. అమ్మ "అక్క గొంతు ఇలా ఉంటుందా" అంది. పుట్టిననాటి నుంచి వింటున్న గొంతు. పెదనాన్న చానలాయనకి ఫోను చేసి కేకలేశారు. ఇంట్లో ఏం జరిగిందో పిల్లలకి చెప్పలేదు. ఒక సంగతి కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. పేట గురించి అడిగింది ఊళ్ళోని డాబా ఇంటావిడ. నీళ్ళు మోసిన ఆడవాళ్ళలో ఒక్కరి దగ్గరకీ ఆ మైకు వెళ్ళలేదు. వాళ్ళు వచ్చారు, వెనక వరసలో నిలబడ్డారు, తెరమీద అర నిమిషం కనపడ్డారు, బిందెలతో. జహీరాబాద్ ఆడవాళ్ళయితే ముందు అటు తిప్పేవాళ్ళు కెమెరాని.

ఆ క్యాసెట్టు కోసం ఈ మధ్య వెతికాను. కేబులు డిజిటల్ అయి సెట్‌టాప్ బాక్సులు వచ్చాక ఆ చానలు చేతులు మారింది, పాత ఆయన లేరు. వాళ్ళబ్బాయి మేడమీద గది తీసి చూపించాడు. బూజుపట్టిన పెళ్ళిళ్ళు గుట్టలుగా ఉన్నాయి. ట్యాంకు ప్రారంభం లేదు. "దానిమీద ఏదో మార్యేజీ ఎక్కించేసుంటారు అక్కా, అప్పుడు క్యాసెట్టు ఖరీదు కదా" అన్నాడు. రీయూనియన్ నుంచి అయితే ప్రభుత్వ టీవీ తీసిన పాత దృశ్యాలు దొరుకుతాయి, మంటలు, పోలీసులు. మా వీధి ఆడవాళ్ళు పేరు చెప్పకుండా కోరిన పాటల సాయంత్రాలు ఏ ఆర్కైవులోనూ లేవు. అందుకే ఆ కార్యక్రమాల పట్టిక రాసి పెట్టాను పైన.

పేటకి పైపు రెండు నెలల తర్వాత వేశారు. దాని ప్రారంభానికి కూడా అదే కెమెరా వచ్చింది. కుళాయి తిప్పింది పెదనాన్న. పెద్దమ్మ ఆ వారమంతా పుట్టింట్లో, అంటే మా ఇంట్లో, ఉంది. తనే వచ్చిందో, పంపించారో ఇప్పటికీ చెప్పదు.